చిన్న చెక్క లేత్ కొనాలంటే: పొడవు చూసి పడిపోకండి

చెక్క లేత్ (చెక్కను గుండ్రంగా తిప్పుతూ ఉలితో చెక్కే మిషన్) కోసం ఆన్‌లైన్‌లో వెతికితే ముందుగా కంటపడేది పొడవు. 1000 ఎంఎం అనీ, మీటరు బెడ్ (మిషన్ అడుగున ఉండే పొడవాటి దూలం) అనీ పెద్ద అక్షరాల్లో రాసి ఉంటుంది. పక్కనే ఇంకో మిషన్ ఉంటుంది. చూస్తే అడుగున్నర చెక్క కూడా కష్టంగా పడుతుంది, ధర మాత్రం దానికంటే ఎక్కువ. డబ్బు ఎక్కువ పెట్టి పొట్టిది ఎందుకు కొనాలని ఎవరికైనా అనిపిస్తుంది. నన్నడిగితే కొనాల్సింది ఆ పొట్టిదే. లేత్ తయారుచేసేవాడికి పొడవు ఇవ్వడం చాలా సులువు, ఇంకో పైపు ముక్క చేరిస్తే సరి. బరువు, తక్కువ స్పీడు, స్పిండిల్ (చెక్కను తిప్పే ఇరుసు) మీద అందరూ వాడే థ్రెడ్ (మర), ఈ మూడూ ఇవ్వడానికే ఖర్చవుతుంది. మీకు రోజూ పనికొచ్చేవి కూడా అవే.

మొదటి ఏడాదిలో ఎవరైనా ఏం చేస్తారు? బొంగరాలు, కుంకుమ భరిణెలు, పెన్నులు, పప్పుగుత్తి, అప్పడాల కర్ర, కాస్త ధైర్యం వచ్చాక ఒక గిన్నె. వీటిలో అన్నిటికంటే పొడుగు అప్పడాల కర్ర. అది కూడా అడుగున్నర దాటదు. మీటరు పొడవు నిజంగా కావాల్సింది మెట్ల రెయిలింగ్ కడ్డీలు చేసేవాళ్లకు. వాళ్లకు వేరే దారి ఉంది, కింద చెబుతాను.

కొలతల్లో తిరకాసు

10×18 అని ఉంటే, మొదటిది బెడ్ పైన ఎన్ని అంగుళాల వ్యాసం చెక్క తిరుగుతుందో చెబుతుంది. రెండోది రెండు సెంటర్ల (చెక్కను రెండు చివరలా పట్టుకునే మొనల) మధ్య ఎంత పొడవు పడుతుందో. కొందరు అమ్మేవాళ్లు వ్యాసానికి బదులు సెంటర్ హైట్ రాస్తారు, అంటే స్పిండిల్ మధ్య నుంచి బెడ్ వరకు ఎత్తు. సెంటర్ హైట్ 5 అంగుళాలంటే వ్యాసం 10 అంగుళాలు. రెండు మిషన్లు పోల్చేముందు రెండూ ఒకే లెక్కలో రాశారో లేదో చూసుకోండి. ఇంకోటి, టూల్ రెస్ట్‌ను (ఉలి ఆనించే పట్టీని) మోసే బ్యాంజో బెడ్ మీదే కూర్చుంటుంది కాబట్టి పొడవాటి చెక్కకు ఆ 10 అంగుళాలూ దక్కవు. రెండు మూడు అంగుళాలు అక్కడే పోతాయి.

పెన్నులు చేద్దామనుకునేవాళ్లు పొడవు లెక్క ఇంకో రకంగా తప్పుతారు. పెన్ను అయిదంగుళాలే కదా, 8×12 చాలదా అనుకుంటారు. పెన్ను చెక్కకు లేత్ మీదే రంధ్రం వేయాలంటే స్పిండిల్ వైపు చక్ (చెక్కను దవడలతో పట్టుకునేది) 3 అంగుళాలు, చెక్క రెండున్నర, బయటికి కనిపించే డ్రిల్ బిట్ 3, టెయిల్‌స్టాక్‌లో (స్పిండిల్‌కు ఎదురుగా బెడ్ మీద జరిగే భాగంలో) డ్రిల్ చక్ మరో 3. అప్పటికే పదకొండున్నర అయిపోయింది, బిట్‌ను వెనక్కి లాగడానికి చోటు లేదు. రంధ్రాలు వేరే డ్రిల్ ప్రెస్ మీద వేసుకునేవాళ్లకు ఈ ఇబ్బంది లేదు. లేనివాళ్లు 18 అంగుళాలకు తగ్గకండి.

తక్కువ స్పీడు ఎంత తక్కువ?

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇదే. అమ్మేవాళ్లు మాత్రం గరిష్ఠ స్పీడు గురించే చెబుతారు.

చెక్క వ్యాసాన్ని అంగుళాల్లో తీసుకుని ఆర్‌పీఎంతో (నిమిషానికి తిరిగే చుట్లతో) గుణిస్తే 6000 నుంచి 9000 మధ్య రావాలన్నది టర్నింగ్ చేసేవాళ్ల మోటు లెక్క. రెండంగుళాల అప్పడాల కర్రకు 3000 దాటినా ఫర్వాలేదు. 8 అంగుళాల గిన్నెకు 750 నుంచి 1100 చాలు. అదీ చెక్క గుండ్రంగా అయ్యాక. రంపంతో మూలలు కోసి ఎక్కించిన ముడి చెక్కకు ఒక పక్క బరువు ఎక్కువ ఉంటుంది. దాన్ని 300, 400 దగ్గర మొదలుపెట్టాలి.

చవక రకం పొడవాటి లేత్‌లలో చాలావాటికి కనిష్ఠ స్పీడే 800కి అటూ ఇటూ ఉంటుంది. 8 అంగుళాల చెక్క 850 ఆర్‌పీఎంతో తిరిగితే దాని అంచు గంటకు 32 కిలోమీటర్ల వేగంతో పోతున్నట్టు లెక్క. బెల్టు ఎక్కువ వేగం ఇచ్చే పుల్లీ మెట్టు మీద ఉన్న సంగతి మరిచిపోయి 2500 వద్ద స్విచ్ వేశారంటే అదే అంచు 96 కిలోమీటర్లు. పచ్చి మామిడి చెక్క 8 అంగుళాల వ్యాసం, 3 అంగుళాల మందం ఉంటే రెండు కిలోలకు పైనే తూగుతుంది. ఊడి వస్తే ఎవరి మొహం మీదికి వస్తుందో తెలిసిందే.

కాబట్టి గిన్నెలు చేసే ఆలోచన ఉంటే కనిష్ఠ స్పీడు 400కు మించిన మిషన్ వైపు చూడకండి. జెట్ 1221వీఎస్ లాంటి పేరున్న మోడల్ 60 ఆర్‌పీఎం నుంచి 3600 దాకా వెళుతుంది. అంత తక్కువ అక్కర్లేదు కానీ, తయారుచేసేవాళ్లు ఆ కింది అంకె కోసం ఎందుకు కష్టపడతారో దాన్ని చూస్తే అర్థమవుతుంది. బొంగరాలు, భరిణెలు, పెన్నులే మీ పని అయితే ఈ గొడవ మీకు లేదు. 700 వద్ద మొదలయ్యే మిషన్ అయినా హాయిగా వాడుకోవచ్చు.

బరువు

లేత్ వణికితే ఉలి చెక్క మీద ఎగురుతుంది, చెక్క మీద మచ్చలు పడతాయి, మీరు దాన్ని ఇసుక కాగితంతో సరిచేస్తూ కూర్చుంటారు. వణుకును మింగేది పోత ఇనుము. 10×18 సైజు పోత ఇనుము లేత్ దాదాపు 35 నుంచి 45 కిలోలు ఉంటుంది. దానికి రెట్టింపు పొడవున్న రేకు బెడ్ లేత్ అంతకంటే తేలిగ్గా ఉందంటే ఇనుము ఎక్కడ మిగిల్చారో ఊహించుకోండి. పేజీలో కిలోలు రాయకపోతే అడగండి. జవాబు రాకపోతే అదే జవాబు.

తేలిక మిషన్ ఇప్పటికే ఇంట్లో ఉంటే మందపాటి చెక్క బల్లకు బోల్టులు వేసి బిగించి, కింది అరలో రెండు ఇసుక బస్తాలు పడేయండి. చాలా తేడా వస్తుంది. స్పిండిల్ మీ మోచేతి ఎత్తులో ఉండేలా బల్ల కట్టించుకుంటే నడుం నొప్పి తగ్గుతుంది.

ఇప్పుడు మార్కెట్‌లో ఉన్న రకాలు

డ్రిల్ మిషన్‌కు తగిలించే లేత్ స్టాండ్ గురించి ఒక్క మాట: వద్దు. డ్రిల్ బేరింగులు ముందుకు నొక్కే బరువు కోసం చేసినవి, పక్క నుంచి ఉలి నొక్కితే తట్టుకోవు.

24 వోల్టుల అడాప్టర్ మీద నడిచే బుల్లి లేత్‌లు బీడ్స్ లేత్ పేరుతో దొరుకుతాయి. పూసలు, చిన్న పెన్నులు, చదరంగం పావులు చేయడానికి సరిపోతాయి. చప్పుడు తక్కువ, అపార్ట్‌మెంట్ బాల్కనీలో పెట్టుకున్నా పక్క ఫ్లాటు వాళ్లు తలుపు కొట్టరు. అంతకు మించి ఆశ పెట్టుకోవద్దు. టేకు ముక్కను కాస్త గట్టిగా నొక్కితే ఆగిపోతుంది. చోటు లేదు, చిన్నవి చేస్తే చాలు అనుకునేవాళ్లు నిస్సంకోచంగా కొనుక్కోవచ్చు.

రేకు లేదా పైపు బెడ్ ఉన్న మీటరు లేత్ సంగతి పైన చెప్పేశాను. సన్నగా పొడుగ్గా ఉండే పనులు, అవీ మెత్తటి చెక్కతో చేసేవాళ్లకు గడిచిపోతుంది. నేనైతే ఎవరికీ చెప్పను.

అసలు పోటీ మిగిలిన రెండిటి మధ్యే. ఒకటి బల్ల మీద పెట్టుకునే పోత ఇనుము మినీ లేత్. రెండోది మన ఊళ్లలో వడ్రంగులు మంచం కోళ్లు తిప్పే పెద్ద లేత్. రాజ్‌కోట్, లుధియానా, బటాలా వైపు నుంచి వచ్చేది కావచ్చు, ఊళ్లో ఫ్యాబ్రికేషన్ షాపులో చానెల్ మీద కట్టించింది కావచ్చు.

ఈ పెద్ద లేత్‌ను హాబీవాళ్లు తక్కువగా చూస్తారు, అది అన్యాయం. దీంట్లో దాపరికం ఏమీ లేదు. మోటారు విడిగా కొనుక్కోవాలి. మామూలు సింగిల్ ఫేజ్ 1 హెచ్‌పీ, 1440 ఆర్‌పీఎం మోటారు చాలు. స్పీడు మార్చడానికి మెట్ల పుల్లీ ఉంటుంది. మోటారు వైపు 3 అంగుళాలు, స్పిండిల్ వైపు 6 అంగుళాల పుల్లీ వేస్తే 720. ఇంకా తగ్గించాలంటే మోటారు వైపు 2 అంగుళాలు, స్పిండిల్ వైపు 8 వేయండి, 360 అవుతుంది. మోటారు కాలితే ఏ మండల కేంద్రంలోనైనా వైండింగ్ షాపు ఉంటుంది. బేరింగ్ పోతే ట్రాక్టర్ స్పేర్ పార్టుల షాపులోనే దొరకొచ్చు. మీటరు కడ్డీలు తిప్పాలనుకునేవాళ్లకు నేను చెప్పిన దారి ఇదే.

లోపాలు కూడా చిన్నవి కావు. అయిదారు అడుగుల చోటు కావాలి. టూల్ రెస్ట్ తరచూ పొడవాటి పట్టీలా ఒకే చోట బిగించి ఉంటుంది, గిన్నె లోపలికి తిప్పడానికి రాదు. టెయిల్‌స్టాక్ సెంటర్ తిరగని రకమైతే చెక్క చివర రాపిడికి కాలి పొగ వస్తుంది. బెల్టుకు కవరు ఉండదు, పిల్లలున్న ఇంట్లో దాన్ని ముందు మూయించాలి. ఇక స్పిండిల్ థ్రెడ్ తయారుచేసినవాడికి ఏది చేతికొస్తే అది.

ఇక్కడే ఒక సౌకర్యం ఉంది, చాలామంది వాడుకోరు. ఆర్డర్ మీద చేసేవాళ్లు మీరు అడిగింది చేసిస్తారు. స్పిండిల్‌కు ఎం33×3.5 థ్రెడ్ (33 ఎంఎం వ్యాసం, మరకూ మరకూ మధ్య 3.5 ఎంఎం) కొట్టమనండి. లోపల ఎంటీ2 టేపర్ (సెంటర్ దూరి బిగుసుకునే, లోపలికి సన్నబడే రంధ్రం; ఎంటీ1, ఎంటీ2 దాని సైజులు) పెట్టమనండి. వెనక నుంచి రాడ్డుతో సెంటర్‌ను తట్టి బయటికి తీసేలా స్పిండిల్ పొడవునా రంధ్రం వేయమనండి. టెయిల్‌స్టాక్‌కు కూడా అదే ఎంటీ2. అడ్వాన్సు ఇచ్చేటప్పుడే కాగితం మీద రాసి ఇవ్వాలి, డెలివరీ రోజున అడిగితే లాభం లేదు. ఈ నాలుగూ ఉన్న పెద్ద లేత్, చోటు ఉన్నవాళ్లకు, మినీ లేత్ కంటే మంచి బేరం.

థ్రెడ్ మీద ఇంత పట్టుదల ఎందుకంటే, లేత్‌కు జీవితాంతం మీరు కొనేవి దాని ముక్కుకే తగిలిస్తారు. నాలుగు దవడల స్క్రోల్ చక్, ఫేస్‌ప్లేట్ (చెక్కను స్క్రూలతో బిగించే పళ్లెం), అన్నీ. యూరప్ లెక్కలో ఎం33×3.5, అమెరికా లెక్కలో అంగుళం 8 టీపీఐ (అంగుళానికి 8 మరలు), ఈ రెండిటికీ చక్‌లు సులువుగా దొరుకుతాయి. ఎం18×2.5, ముప్పావు అంగుళం 16 టీపీఐ చిన్న మిషన్లలో వస్తాయి, వెతుక్కోవాలి. వీటిలో ఏదీ కానిది వస్తే ఊళ్లో ఇనుప పని చేసే లేత్ వర్క్స్‌లో అడాప్టర్ చేయించుకోవచ్చు. అడాప్టర్ పెట్టిన కొద్దీ చక్ స్పిండిల్‌కు దూరం జరుగుతుంది, ఊగిసలాట పెరుగుతుంది. తప్పనిసరైతేనే.

మినీ లేత్‌లోకి వస్తే మూడు సైజులు. 8×12 చాలావాటికి ఎంటీ1 టేపర్ ఉంటుంది, తర్వాత పెద్ద మిషన్ కొంటే ఆ సెంటర్లు పనికిరావు. చోటు లేకపోతేనే తీసుకోండి. 10×18 ఎక్కువమందికి సరిపోతుంది. టేపర్ ఎంటీ2, మోటారు అర హెచ్‌పీ. పైన రాసిన జాబితా అంతా దీని మీద అవుతుంది, గిన్నె కూడా ఏడెనిమిది అంగుళాల దాకా. 12×18 లేదా 12×21 గిన్నెల మీద మనసున్నవాళ్లకు. దానికి ముప్పావు హెచ్‌పీ అయినా ఉండాలి.

నాబ్ కావాలా, బెల్టు చాలా?

నాబ్ తిప్పితే స్పీడు మారడం సుఖమే, అందులో సందేహం లేదు. ముడి చెక్క వణికే చోటు నుంచి కాస్త పైకో కిందికో జరపడం బెల్టుతో కుదరదు. డీసీ మోటారు మిషన్లలో మాత్రం నాబ్‌తో స్పీడు తగ్గించిన కొద్దీ బలం కూడా తగ్గుతుంది. అందుకే మంచివాటిలో నాబ్‌తో పాటు రెండు మూడు పుల్లీ మెట్లు కూడా ఉంటాయి. మెట్లు లేకుండా నాబ్ ఒక్కటే ఉన్న మిషన్ పెద్ద చెక్కలకు ఏడిపిస్తుంది.

ఇంకో విషయం కరెంటు. వోల్టేజీ ఎగిరిపడే ఊళ్లలో ముందుగా పోయేది స్పీడు కంట్రోల్ బోర్డు. ఆ మోడల్‌కు బోర్డు దొరక్కపోతే మిషన్ మూలన పడుతుంది. అందువల్ల సర్వీస్ సెంటర్ దగ్గర్లో లేని ఊళ్లో ఉన్నవాళ్లకు బెల్టు మార్చుకునే ఇండక్షన్ మోటారు లేత్ మేలు. స్పీడు మార్చడానికి నిమిషం పడుతుంది, అంతే. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో ఉండి, స్పేర్ బోర్డు ఇస్తామని అమ్మేవాడు బిల్లు మీద రాసిస్తే నాబ్ తీసుకోండి. విద్యుత్ పని తెలిసినవాళ్లు త్రీఫేజ్ మోటారు, వీఎఫ్‌డీ (కరెంటు ఫ్రీక్వెన్సీ మార్చి మోటారు స్పీడు మార్చే పరికరం) పెట్టుకుని రెండు సుఖాలూ పొందుతారు. సింగిల్ ఫేజ్ నుంచి నడిపే చిన్న వీఎఫ్‌డీ 230 వోల్టుల త్రీఫేజే ఇస్తుంది కాబట్టి మోటారు ప్లేటు మీద డెల్టాలో 230 లేదా 240 అని ఉండాలి. 415 స్టార్ ఒక్కటే ఉన్న మోటారు పూర్తి బలం ఇవ్వదు.

అమెరికా నుంచి తిరిగి వస్తూ కంటెయినర్‌లో లేత్ వేసుకొచ్చేవాళ్లూ ఉన్నారు. అది 110 వోల్టులది, స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. ఇండక్షన్ మోటారైతే అక్కడి 60 హెర్ట్జ్‌కు 1725 తిరిగేది ఇక్కడి 50 హెర్ట్జ్‌కు 1440కి పడిపోతుంది, వేడెక్కుతుంది కూడా. డీసీ మోటారు రకానికి ఈ ఫ్రీక్వెన్సీ బాధ లేదు. ఇండక్షన్ అయితే మోటారు అక్కడే వదిలేసి ఇనుము తెచ్చుకోండి, మోటారు ఇక్కడ కొనండి.

లక్క పని చేయాలనుకుంటే

ఏటికొప్పాక బొమ్మలు చూసి లేత్ మీద మోజు పడ్డవాళ్లకు ఎంపిక కాస్త వేరు. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊరి బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వాళ్లు వాడేది అంకుడు కర్ర. మెత్తగా, నార కనపడకుండా ఉంటుంది. తిరుగుతున్న బొమ్మకు రంగు లక్క కడ్డీని ఆనిస్తే రాపిడి వేడికి లక్క కరిగి అంటుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో రుద్దితే మెరుపు వస్తుంది. చెక్కను ఒక చివర మాత్రమే పట్టుకుని మిగతాది గాల్లో ఉంచి చేస్తారు కాబట్టి చాలా బొమ్మలకు టెయిల్‌స్టాక్ అవసరమే పడదు. లక్క కరగాలంటే వేగం కావాలి, నొక్కినా మోటారు తగ్గకూడదు. ఈ పనికి తక్కువ స్పీడు గురించి నేను పైన చెప్పినదంతా పక్కన పెట్టి, అర హెచ్‌పీ ఇండక్షన్ మోటారుతో 1400 నుంచి 2800 ఇచ్చే గట్టి 8×12 కొన్నా చాలు. బీడ్స్ లేత్ మాత్రం లక్క కడ్డీ ఒత్తిడికి తట్టుకోలేదు.

డబ్బు ఎలా పంచాలి

ఉన్న డబ్బులో లేత్‌కు సగం, మహా అయితే అరవై శాతం. మిగతాది ఉలులు, చక్, గ్రైండర్. ఇది చెబితే ఎవరూ వినరు, మొత్తం మిషన్ మీదే పెడతారు. మొద్దుబారిన ఉలితో లక్ష రూపాయల లేత్ మీద కూడా చెక్క చీలుతుంది.

ఉలులు హెచ్‌ఎస్‌ఎస్‌వి (హైస్పీడ్ స్టీలువి) కొనండి. ఎనిమిది ఉలుల చవక సెట్టు కంటే మంచివి నాలుగు చాలు: స్పిండిల్ గౌజ్ (గాడి ఉలి), పార్టింగ్ టూల్ (ముక్కను కోసి విడదీసేది), స్క్యూ (ఏటవాలు అంచుది), గుండ్రటి స్క్రేపర్ (గీకేది). గిన్నె మొదలుపెట్టే రోజున బౌల్ గౌజ్ తీసుకోండి. వెడల్పాటి రఫింగ్ గౌజ్ పొడవు కర్రలకే. దాని పిడిలోకి పోయే తోక సన్నగా ఉంటుంది, గిన్నె మీద వాడితే విరిగి ఎగురుతుంది. 6 అంగుళాల గ్రైండర్‌కు తెల్ల అల్యూమినియం ఆక్సైడ్ రాయి వేయించుకోండి. చక్ వెంటనే అక్కర్లేదు, మొదటి రెండు నెలలు సెంటర్ల మధ్యే నేర్చుకోవచ్చు.

చెక్కకు డబ్బు పెట్టొద్దు. టింబర్ డిపోలో టేకు ముక్కలు, తోటలో కొట్టేసిన మామిడి, వేప, చింత, నిద్రగన్నేరు చాలు. ఎర్రచందనం ముక్క ఎవరైనా చవకగా ఇస్తామంటే దూరంగా ఉండండి, అనుమతి కాగితాలు లేకుండా ఇంట్లో పెట్టుకుంటే కేసు అవుతుంది.

మొహానికి ఫేస్ షీల్డ్, ముక్కుకు దుమ్ము మాస్కు బడ్జెట్‌లో చేర్చండి. చెక్క దుమ్ము క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం ఐఏఆర్‌సీ మొదటి గ్రూపులో పెట్టింది. చేతి గ్లోవ్స్ మాత్రం వేసుకోవద్దు, తిరిగే చెక్క వాటిని పట్టుకుంటే చెయ్యి కూడా లోపలికి పోతుంది. చున్నీ, లుంగీ, వేలాడే గొలుసుకూ అదే సంగతి.

పెట్టె విప్పిన రోజు

రెండు సెంటర్లూ పెట్టి టెయిల్‌స్టాక్‌ను స్పిండిల్ దాకా జరపండి. రెండు మొనలూ కలవాలి. కాగితం మందం తేడా ఉంటే హెడ్‌స్టాక్ (స్పిండిల్ ఉండే భాగం) బోల్టులు వదులు చేసి సర్దొచ్చు. మిల్లీమీటరు దాటితే ఆ మిషన్ మీద రంధ్రాలు ఎప్పటికీ తిన్నగా రావు, వెనక్కి పంపండి. బెల్టు తీసేసి స్పిండిల్‌ను చేత్తో తిప్పండి, గరగర వినిపించకూడదు. పట్టుకుని పక్కకు ఊపండి, టకటక అనకూడదు. టూల్ రెస్ట్ బిగించి పైన బలంగా ఒత్తండి, కిందికి జారకూడదు. సెకండ్ హ్యాండ్ మిషన్‌కూ ఇవే పరీక్షలు, మోటారు మాత్రం పావుగంట నడిపించి చెయ్యి పెట్టి చూడండి.

సముద్రం దగ్గర ఊళ్లలో ఉంటే అదే రోజు బెడ్ మీద మెషిన్ ఆయిల్ పూయండి, లేకపోతే వానాకాలం పూర్తయ్యేసరికి తుప్పు పడుతుంది. పెట్టె, థర్మోకోల్ నెల దాకా పారేయకండి. 40 కిలోల మిషన్‌ను అవి లేకుండా కొరియర్ వాళ్లు తీసుకోరు.